రెండో మైకు ఎవరికి

మైకులు అమ్మేవాడు మొదట అడగాల్సిన మాటే ఆత్మారాం అడిగాడు. అయినా నాకు ఒళ్లు మండింది.

"ఎంతమంది మాట్లాడుతరు మేడమ్? మీరొక్కరేనా, గెస్టులు అస్తరా?"

"ఎవ్వరూ రారు," అన్నాను.

"ఇయ్యాల రారు. రేపు అస్తరు గద. పాడ్‌కాస్ట్ అన్నంక గెస్టు ఉండాలె. రెండు ఇన్‌పుట్ల డబ్బా తీస్కోండ్రి."

"రేపు కూడ రారన్నా. ఒక్కటే ఉన్నది ఇయ్యి."

ఆయన నా వెనక నిలబడ్డ తమ్ముడి వైపు చూశాడు, ఆడమనిషి చెప్పిన మాటకు పక్కనున్న మగవాడు ఔననాలన్నట్టు. దాంతో ఇంకా మండింది.

ఆ దుకాణం నిజామాబాద్ బస్టాండు దగ్గర ఒక సందులో ఉంటుంది. పెళ్లిళ్లకు, గణపతి ఊరేగింపులకు అద్దెకిచ్చే పెద్ద స్పీకర్లు గుమ్మం దాకా పేర్చి ఉంటాయి. వాటి మధ్య నుంచి పక్కకు తిరిగి లోపలికి పోవాలి. ఆత్మారాం నాందేడ్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాడు. ఫోన్లో మరాఠీ, సరుకు దించేవాళ్లతో ఉర్దూ, మాతో తెలుగు. మూడింటిలోనూ విసుగే.

మైకులో పడ్డ గొంతును కంప్యూటర్‌కు ఎక్కించే చిన్న పెట్టెను ఇంటర్‌ఫేస్ అంటారు. ఆత్మారాం నోట్లో అది డబ్బా. ఒక్క మైకు గుచ్చే డబ్బాలుంటాయి, రెండు గుచ్చేవి ఉంటాయి. మా తమ్ముడు విష్ణు నిజామాబాద్‌లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. అందుకని సౌండు సంగతులన్నీ తనకే తెలుసని వాడి నమ్మకం. తెలుసు కూడా. అదే నాకు నచ్చదు.

"అక్కా, రెండు ఇన్‌పుట్లదే తీస్కుందాం," అన్నాడు. "ఒక మైకు నీకు, ఇంకోటి బాపుకు. ఎవరి గొంతు వాళ్ల ట్రాక్‌ల పడ్తది. వద్దనుకున్నది తర్వాత తీసెయ్యచ్చు."

"బాపు మైకు ముందర కూసుంటడా?"

"ఇయ్యాల కూసోడు కాని..."

"రేపు కూసుంటడు. రేపు గెస్టులు అస్తరు. ఎల్లుండి ఊరంత మన వాకిట్ల లైను కడ్తది. చెప్పు, ఇంకేమేమి అయితయి?"

ఎవరూ ఎందుకు రారో విష్ణుకు తెలుసు. తెలియనిది ఆత్మారాంకే.

మా ఇంటితో ఎవరూ మాట్లాడకూడదని మా ఊరు తీర్మానం చేసింది. ఊరి పేరు రాయను. రాస్తే పేరు చెడగొట్టానని ఇంకో తీర్మానం చేస్తారు. బోధన్ నుంచి లోపలికి పోతే, నిజాంసాగర్ కాలువ కింద చెరుకు, వరి పండే ఊళ్లలో అదొకటి. మా ఊళ్లో సర్పంచికి కుర్చీ ఉంటుంది, గ్రామ కమిటీకి ఊరు ఉంటుంది. కమిటీ పెద్దమనిషి పేరు లింబాద్రి. బుద్ధి తెలిసినప్పటి నుంచి నేను కాకా అని పిలిచినవాడు.

డిగ్రీ అయ్యాక నేను బాపుతో కలిసి సేద్యం చూసుకుంటున్నాను. నాన్నను మేము బాపు అంటాం, పేరు ముత్తన్న. చెరుకు తెగుళ్ల గురించి, కాలువ నీళ్ల వంతుల గురించి బాపు చెప్పే మాటలు ఫోన్లో రికార్డు చేసి పాడ్‌కాస్ట్‌గా పెట్టేదాన్ని. నేను గిల్లుతుంటే ఆయన మాట్లాడేవాడు. అట్లా ఒకసారి గిల్లితే, ఊళ్లో సారా సీసాలు అమ్ముకునే హక్కును కమిటీ ఏటా వేలం పాడిస్తుందని, అందుకే మా ఊళ్లో తాగుడు ఎవడూ ఆపడని అనేశాడు. అందరికీ తెలిసిన సంగతే. ఎవరూ పైకి అనని సంగతి. నేను దాన్ని అట్లాగే పెట్టేశాను.

చావడి ముందు బాపు చెవులు పట్టుకోవాలని, నేను ఫోను పగలగొట్టాలని కబురొచ్చింది. బాపు పోలేదు. నేను పోయి, ఎవడెవడు తాగి ఎక్కడ పడి ఉంటాడో ఇళ్ల పేర్లతో సహా చెప్పి వచ్చాను. ఆ సాయంత్రమే గుడి మైకులో చాటింపు వినబడింది: ముత్తన్న ఇంటితోని మాటలు బంద్, మాట్లాడినోళ్లతోని గూడ బంద్.

మాటలు బంద్ అంటే మాటలు మాత్రమే కాదు. కిరాణం కొట్టు సాయిలు నన్ను చూసి తూకం రాళ్లు తుడుచుకుంటూ కూర్చుంటాడు. మంగలి రాడు. అన్నిటికంటే పెద్ద దెబ్బ చెరుకు. మహారాష్ట్ర నుంచి వచ్చే కోతల ముఠా మా చేను పక్క నుంచే పోయి పక్క చేను కోసింది. కోతకొచ్చిన చెరుకు నిలబడి ఉంటే పూత వేస్తుంది, లోపల బెండు పడుతుంది. బాపు రోజూ పోయి ఒక గడ విరిచి, నమిలి, ఉమ్మేసి వచ్చేవాడు.

ఠాణాకు పోయాం. ఎస్సై బాగానే విన్నాడు. "మీ ఊళ్లె ఒక్కలన్న వచ్చి చెప్పాలె, లేకుంటే రికార్డన్న ఉండాలె. కమిటీ కాయితం మీద ఏం రాయదు. నేను దేన్ని పట్టుకోవాలె?" అన్నాడు. ఆయనన్న దాంట్లో తప్పు లేదు. మాతో మాట్లాడొద్దన్నారని సాక్ష్యం చెప్పాలంటే ముందు మాతో మాట్లాడాలి కదా.

ఊరు నోరు మూసుకోమంది కాబట్టి నాకు ఇంకా మంచి మైకు కావాలనిపించింది. ఆత్మారాం దుకాణానికి వచ్చింది ఆ కసితోనే.

"ఇది డైనమిక్," అన్నాడాయన, నల్లగా లావుగా ఉన్న మైకును బల్ల మీద పెట్టి. "నోటికి బెత్తెడు దూరంల ఉండాలె. మొకం తిప్పితే గొంతు పోతది. కాని పక్కింటి లొల్లి రాదు. గిది కండెన్సర్. దీనికి చెవులెక్కువ. ఇంట్ల ఎవరు దగ్గినా వింటది. వెనక మీట చూడుండ్రి. గుండ్రం గుర్తు పెడితే నాలుగు దిక్కులు వింటది. పాన్ ఆకు గుర్తు పెడితే ముందరిదే వింటది, వెనకది వినది."

"డైనమిక్ తీస్కో అక్కా," అన్నాడు విష్ణు. "మనింట్ల కండెన్సర్ పెడితే ఊరంత అందులకే అస్తది."

"ఊరు ఇంట్లకైతే రాదు. అందులకన్న రానీ."

వాడు తల పట్టుకున్నాడు. కండెన్సర్ ఎందుకో నాకు నా లెక్క ఉంది. చాటింపు తర్వాత బాపు మైకు ముందు కూర్చోనన్నాడు. ఇంటికి ఈ గతి పట్టింది దాని వల్లనే అంటాడు. అయితే నోరు ఊరుకోదు. నేను రికార్డు చేస్తుంటే మంచం మీది నుంచే, "గట్ల గాదు, మొదలు గడ్డి తీయాలె," అని మాట అందిస్తాడు. నాలుగు దిక్కులా వినే మైకు ఒక్కటి మధ్యలో పెడితే ఇద్దరి గొంతులూ పడతాయి. రెండో ఇన్‌పుట్ ఎందుకు? అది ఖాళీగా ఉండి నన్ను రోజూ వెక్కిరించడానికా?

ఒక్క ఇన్‌పుట్ డబ్బా, ఒక్క కండెన్సర్ కొన్నాను. "రేపు గెస్టు అస్తే మళ్ల నా కాడికే అస్తరు. వాపసు మాత్రం తీసుకోను," అని ఆత్మారాం గొణిగాడు. నేను వినబడనట్టు బయటికి నడిచాను.

కండెన్సర్ ఆత్మారాం చెప్పినట్టే చేసింది. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే మోటరు చప్పుడు, కాకులు, బాపు గొంతు సవరించుకోవడం అన్నీ నా మాటల చుట్టూ మూగేవి. అన్నిటికంటే ఎక్కువ వినబడింది కత్తెర. గోడ అవతలి ఇంట్లో భీమవ్వ చేట ఒళ్లో పెట్టుకుని బీడీల ఆకు కత్తిరిస్తుంది. ఆకు తడిపి, కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కడుతుంది. పొద్దంతా అదే పని. చేతులు ఆడుతున్నంతసేపే ఆమెకు మాట వస్తుంది. చేతులు ఆగాయంటే కోపమన్నా వచ్చి ఉండాలి, భయమన్నా వేసి ఉండాలి.

మా ఊరి మాటల బందుకు ఒక సందు ఉందని ఇక్కడ చెప్పాలి. మనిషితో మాట్లాడితేనే తప్పు. పశువుతో, గోడతో మాట్లాడితే తప్పు లేదు. అన్నదమ్ములు పొలం గట్టు కాడ కొట్లాడుకున్నా, అత్తాకోడళ్లు అలిగినా మా దగ్గర ఇట్లాగే గడుపుతారు. "ఓ దూడా, నీళ్ల వంతు మనదట, చెప్పు" అని అన్న అంటే తమ్ముడు పార తీసుకుని లేస్తాడు.

లింబాద్రికి మా ఇంటి ముందు కరెంటు స్తంభం దొరికింది. మాకు చెప్పాల్సిన ప్రతి బెదిరింపూ దానికి చెప్పేవాడు. దాని మీద చెయ్యి కూడా వేసేవాడు. భీమవ్వకు తన మేక ఉంది. కిరాణం సామాను మాకెవరూ అమ్మడం లేదని తెలిశాక ఆమె మేకతో మాట్లాడటం మొదలుపెట్టింది. ఊరంతటిలో మా కోసం నోరు తెరిచింది ఆమె ఒక్కతే, అదీ మేక పేరు మీద.

ఒక మధ్యాహ్నం చెరుకు పూత గురించి రికార్డు చేస్తున్నాను. బయట లింబాద్రి దగ్గు వినబడింది. నేను ఆపలేదు. వాడొచ్చాడని నేను మాట ఆపడమేమిటని మొండిగా చదువుతూనే పోయాను. తర్వాత హెడ్‌ఫోన్లో విన్నాను. నా మాటల వెనక అంతా ఉంది.

"ఓ స్తంభమా, ఆ ఇంటోళ్లకు చెప్పు. చెరుకు ఎండుతున్నది. ముసలోడు చావడి కాడికొచ్చి చెవులు పట్టుకోవాలె. పిల్ల ఆ మైకు అందరి ముందర పలగ్గొట్టాలె. గప్పటి దాంక కోసేటోళ్లు ఆ చేన్ల అడుగు పెట్టరు. పెడితె వాళ్లతోని గూడ బంద్."

సరిగ్గా ఆ మాటల మీదనే, కత్తెర చప్పుడుతో పాటు భీమవ్వ గొంతు. "ఓ మేకా, గోడ మీద ఉప్పు పొట్లం పెట్టిన, తీస్కపో. ఆడు ఒర్రితే ఒర్రనీ. చెవులు పట్టుకునేటంత తప్పు మీ బాపు ఏం జేసిండు?"

విష్ణుకు ఫోన్ చేశాను. వాడు అప్పటికప్పుడు బండి మీద వచ్చి, విని, ఎగిరి గంతేసినంత పని చేశాడు. "గిది చాలక్కా. ఠాణాల ఇద్దాం పా."

"భీమవ్వ గొంతు తీసెయ్యి ముందు."

ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. కోశాడు, తగ్గించాడు, పెంచాడు. భీమవ్వను తగ్గిస్తే లింబాద్రి కూడా తగ్గాడు. లింబాద్రిని పెంచితే కత్తెర ముందుకొచ్చింది. ఇద్దరూ ఒకే గీతలో, చిక్కుపడ్డ దారంలాగా ఉన్నారు.

"రాదక్కా. ఒక్కటే ట్రాకు. దుకాణంల నేనేం చెప్పిన? రెండు ఇన్‌పుట్లుండి, ఒక మైకు వాకిలి దిక్కు, ఒకటి గోడ దిక్కు ఉంటే ఆయన దాంట్లె ఆయన, ఆమె దాంట్లె ఆమె ఉందురు."

"ఇప్పుడు నీ పాఠం ఎవరడిగిండ్రు?"

"నువ్వు ఎన్నడడిగినవు? నీకు ఊరి మీద కోపమొస్తే మా మీద చూపెడ్తవు. అందుకే ఊళ్లె ఎవలు..."

"ఎవలు? చెప్పు. ఎవలు మాట్లాడతలేరు? చాటింపు నా నోటి వల్లనే వచ్చిందంటవు, అంతే గద?"

వాడు ల్యాప్‌టాప్ వైపు తిరిగాడు. ఆ రోజు వాణ్ని కొట్టాలనిపించింది.

"ఉన్నదున్నట్టు ఇచ్చేద్దాం," అన్నాడు చివరికి. "మేకతోని మాట్లాడితే నేరమా?"

మంచం మీది నుంచి బాపు లేచి కూర్చున్నాడు. "ఆమె గొంతు ఠాణా దాంక పోతే సాయంత్రానికి ఊరికి ఎరికైతది. ఆమె బీడీలు ఎవడు తీసుకుంటడు?"

బీడీ కార్ఖానా మనిషి మా ఊరికి వచ్చి బీడీలు తీసుకునేది లింబాద్రి అరుగు మీదే. భీమవ్వకు భర్త లేడు, పొలం లేదు. ఆమెతో కూడా మాటలు బంద్ అయితే ఆ చేట బోర్లించాల్సిందే. మా చెరుకు పోతే ఒక పంట పోతుంది, ఆమెకు తిండే పోతుంది.

అయినా నాకు ఆశ చావలేదు. గోడ దగ్గరికి పోయి, అవతల కట్టేసి ఉన్న మేకతో నేనే మాట్లాడాను. "ఓ మేకా, లింబాద్రి బెదిరించింది మా మైకుల పడ్డది. మీ అవ్వ మాట గూడ దాంట్లెనే పడ్డది. ఆమె ఒప్పుకుంటే ఠాణాల ఇస్తం. అడుగు."

కత్తెర ఆగింది.

తర్వాత ఆమె గొంతు, ముందెప్పుడూ లేనంత గట్టిగా, "ఓ మేకా, నా గొంతు పట్టుకోమని వాళ్లకు ఎవలు చెప్పిండ్రు? ఉప్పు ఇస్తే గొంతు మీదికి తెస్తరా? నా పేరు ఏడ వినొద్దు. ఇంగ గోడ మీద ఏం పెట్ట."

అన్నట్టే చేసింది. మర్నాటి నుంచి గోడ మీద ఏమీ లేదు. చేట తీసుకుని ఇంటి అవతలి పక్కకు మారింది. మేకను కూడా మార్చింది. అంతకుముందు ఊరు మాట్లాడకపోతే కోపం వచ్చేది. ఆ కత్తెర చప్పుడు పోయాక భయం వేసింది. నేను సిగ్గు లేకుండా ఏడ్చాను, బాపు ముందే.

భీమవ్వ గొంతు మొదలయ్యే లోపలి ముక్క మాత్రం కోసుకుని ఠాణాకు తీసుకుపోయాం. "ఓ స్తంభమా, ఆ ఇంటోళ్లకు చెప్పు. చెరుకు ఎండుతున్నది." అంతే మిగిలింది. ఎస్సై విని నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఆయన స్తంభంతోని మాట్లాడిండు. చెరుకు ఎండుతున్నదన్నడు. దీంట్ల బెదిరింపు ఏడున్నది? స్తంభాన్ని తోలుకరాండ్రి, సాక్ష్యం రాసుకుంట."

పక్కనున్న కానిస్టేబుళ్లు కూడా నవ్వారు. తిరిగి వచ్చేటప్పుడు బండి మీద నేనూ విష్ణూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. మా ఇంట్లోకి కూడా బంద్ వచ్చినట్టయింది.

ఇంటికి వచ్చాక వాడే నోరు విప్పాడు. "ఆయనను మళ్ల రప్పియ్యాలె. ఈసారి మైకు వాకిలి దిక్కు తిప్పి, పాన్ ఆకు గుర్తు పెట్టు. భీమవ్వ గోడ దిక్కు దాని వీపు ఉండాలె. ఆమె ఏమన్నా పడదు."

మైకును వసారాలోకి తెచ్చి, స్టాండుకు బిగించి, ముఖం వాకిలికి తిప్పాను. దాని వీపు సరిగ్గా భీమవ్వ గోడకు వచ్చింది. మాతో మాట్లాడిన ఒకే ఒక మనిషి వైపు చెవుడు పెట్టి, మమ్మల్ని తిట్టేవాడి వైపు చెవి పెట్టాను. ఇంత అన్యాయమైన పని చేయించినందుకు ఊరి మీద నాకు కలిగిన అసహ్యం ఇంతా అంతా కాదు.

లింబాద్రిని రప్పించడం ఎంతసేపు? మా ఊరి పెద్దమనిషికి స్తంభాలతో స్నేహమని, మనుషులతో మాట్లాడే ధైర్యం చాలక కరెంటు పోళ్లను వెతుక్కుంటాడని, ఊళ్లో ఎన్ని స్తంభాలున్నాయో ఆయనకే తెలుసని ఒక ఎపిసోడు చేసి పెట్టాను. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు. మర్నాడు సాయిలు కొట్టు ముందు నుంచి పోతుంటే లోపల ఎవరో నా గొంతే ఫోన్లో పెట్టుకుని వింటున్నారు. నన్ను చూసి బంద్ చేశారు. మూతులు మాత్రం నవ్వుతున్నాయి.

ఆ పొద్దు గూకక ముందే లింబాద్రి వచ్చాడు. వెనక కమిటీవాళ్లు ఇద్దరు ఉన్నారు. విష్ణు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని డబ్బా మీద మీట తిప్పి గొంతు పెంచాడు. నేను గేటు దగ్గరికి పోయాను.

"కాకా, నాతోని మాట్లాడు. స్తంభానికేం తెలుసు?"

వాడు నా వైపు చూడలేదు. స్తంభం మీద చెయ్యి వేశాడు. "ఓ స్తంభమా, కొందరికి నోరు ఎక్కువైంది. చెరుకు ఎట్లెండుతదో సూస్తం."

ఇంకా కవ్వించాను. తిట్టాను కూడా. వాడు నేనక్కడ లేనట్టే స్తంభానికి చెప్పుకుంటూ పోయాడు. మళ్లీ అదే. మళ్లీ ఎస్సై నవ్వే మాటలే.

అప్పుడే భీమవ్వ బీడీల చేట నెత్తిన పెట్టుకుని సందులోకి వచ్చింది. కార్ఖానా మనిషికి ఇవ్వడానికి పోతోంది. మా వాకిలి తప్పించుకుని గోడవారగా పోబోయింది. లింబాద్రి ఆపాడు.

"భీమవ్వా, ఆగు. నీ మేక మస్తు మాట్లాడుతదట గద."

ఆమె నిలబడింది.

"ముత్తన్న ఇంటితోని మాటలు బంద్ అని చాటింపు చేసినం. మాట్లాడినోళ్లతోని గూడ బంద్ అని గూడ చెప్పినం. నీకు ఎరికే. మేకను అడ్డం పెట్టుకొని నువ్వు వాళ్లకు ఉప్పు, పప్పు ఇస్తున్నవంట. రేపటికి ఆ మేకను అమ్మెయ్యి. లేకుంటే నీ బీడీలు ఇంగ ఎవలు తీసుకోరు."

వాడు స్తంభంతో కాదు, మనిషితో అన్నాడు. పేర్లతో సహా అన్నాడు. మైకు ముఖం అటే ఉంది. విష్ణు వైపు చూస్తే వాడు డబ్బా మీది పచ్చ దీపం చూస్తూ తల ఊపాడు. పడింది. మాకు కావాల్సింది పడింది. భీమవ్వ తల వంచుకుని ఇంటికి పోతే చాలు. ఆమె ఒక్క మాట అనకపోతే ఆమెకు ఏమీ కాదు. పో అవ్వా, పో అని లోపల్లోపల బతిమాలుకున్నాను.

ఆమె చేట దించి మా గేటు పక్క గోడ మీద పెట్టింది.

"మేక ఏం జేసింది?" అంది. చేతులు ఖాళీగా ఉన్నా ఆమెకు మాట వస్తోంది. "లింబాద్రీ, దానికి నోరున్నదా? ఉప్పు ఇచ్చింది నేను. పప్పు ఇచ్చింది నేను. మేక ఇయ్యలే. ఇన్ని దినాలు దాని పేరు చెప్పుకుంట బతికిన, నాకే సిగ్గైతున్నది." తర్వాత నా వైపు తిరిగింది. "పుష్పా."

నన్ను ఎవరో పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్లయిందో. బాపు బిడ్డా అంటాడు, విష్ణు అక్కా అంటాడు. ఊరు ఏమీ అనదు.

"పుష్పా, నిన్నే. చెవుడా?"

"చెప్పు అవ్వా."

"నీ మైకు ఇటు దిక్కే ఉన్నదా?"

"ఇటే ఉన్నది."

"నా గొంతు సరింగ పడ్డదా, మళ్ల చెప్పాల్నా?"

లింబాద్రి ముఖం నల్లబడింది. ఆమెను ఏదో అనబోయి, నోరు తెరిచి, ఆగిపోయాడు. ఆమె మాతో మాట్లాడింది కదా. ఇక ఆమెతో మాట్లాడటం కూడా బంద్. వాడి తీర్మానం వాణ్నే పట్టుకుంది. మెడ తిప్పి స్తంభం మీద చెయ్యి వేశాడు.

"ఓ స్తంభమా, ఇయ్యాల్టి సంది భీమవ్వతోని గూడ మాటలు బంద్. ఆమె బీడీలు తీసుకుంటే తీసుకున్నోనితోని గూడ బంద్."

ఎస్సై రెండుసార్లు విన్నాడు. ఈసారి నవ్వలేదు. ఒకే నోరు ముందు మనిషితో, తర్వాత స్తంభంతో మాట్లాడటం అంత స్పష్టంగా వినబడుతుంటే నవ్వడానికి ఏముంది? ఫిర్యాదు తీసుకున్నాడు. లింబాద్రిని, వెనకున్న ఇద్దరినీ ఠాణాకు పిలిపించాడు.

అంతమాత్రాన ఊరు మారిందని ఎవరూ అనుకోవద్దు. సాయిలు ఇంకా తూకం రాళ్లే తుడుస్తున్నాడు. కోతల ముఠా కేసుకు భయపడి వచ్చింది, చెరుకు కోసింది, బాపు నీళ్లిస్తే తీసుకోకుండా పోయింది. తేడా ఏమిటంటే, ముందు ఒక ఇంటితో బంద్, ఇప్పుడు రెండు ఇళ్లతో బంద్. భీమవ్వ చుట్టిన బీడీలు విష్ణు బండి మీద నిజామాబాద్‌కు తీసుకుపోయి ఇంకో కార్ఖానాలో ఇస్తున్నాడు. ఆమె మధ్యాహ్నం చేట తీసుకుని మా ఇంటికే వస్తుంది, గేటు తీసుకుని, వాకిట్లో నుంచి. నన్ను రోజూ తిడుతుంది. నా నోటి వల్లనే తన మేకకు కూడా శత్రువులు పుట్టారంటుంది.

మళ్లీ ఆత్మారాం దుకాణానికి పోయాను. స్పీకర్ల మధ్య నుంచి నన్ను చూడగానే ఆయన చేతులు అడ్డంగా ఊపాడు.

"వాపసు తీసుకోనని చెప్పిన మేడమ్."

"వాపసు ఎవరిస్తున్నరు? రెండు ఇన్‌పుట్ల డబ్బా ఇయ్యి. డైనమిక్ మైకు ఒకటి ఇయ్యి. బీడీల కత్తెర చప్పుడు పడొద్దు."

"కత్తెర బంద్ చెయ్యమనుండ్రి."

"బంద్ అన్న మాట మా ఇంట్ల అనొద్దు."

ఆయనకు అర్థం కాలేదు. డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. "అయితే గెస్టు అస్తున్నరన్నట్టు. ఆనాడు నేనేం చెప్పిన? ఒకటి మీకు, ఒకటి గెస్టుకు."

"కాదు. పాత మైకు వాకిలి దిక్కే ఉంటది. అది లింబాద్రికి. కొత్తది నాకు, భీమవ్వకు."

"లింబాద్రి ఎవరో నాకెందుకు గని, డైనమిక్ మైకుల ఇద్దరు మాట్లాడుడు కష్టం మేడమ్. ఆడొకరు ఈడొకరు కూసుంటే పడదు. భుజం భుజం తగిలేటట్టు కూసోవాలె."

"కూసుంటం," అన్నాను.